‘కనిపెట్టుకొనుచున్నాను’ అంటే?

నిన్న గ్రూపులో ఒకావిడ అడిగారు: “130వ కీర్తనలో ‘యెహోవా కొరకు నేను కనిపెట్టుకొనుచున్నాను’ అని ఉంది. మా అబ్బాయి సండే స్కూల్ నుంచి వచ్చి, దేవుణ్ణి ఎవరు కనిపెట్టారమ్మా అన్నాడు. ఏం చెప్పను?” కామెంట్‌లో పట్టదని విడిగా రాస్తున్నాను.

బల్బు కనిపెట్టారు, టీకా కనిపెట్టారు అని బడిలో చదువుకున్నాం కాబట్టి ముందు ఆ అర్థమే తడుతుంది. ఇళ్లలో మాత్రం పాత అర్థం చెక్కుచెదరలేదు. “పొయ్యి మీద పాలున్నాయి, కనిపెట్టుకుని ఉండు.” “నేనొచ్చేదాకా పిల్లాణ్ణి కాస్త కనిపెట్టుకో అక్కా.” కను అంటే చూడు. చూపు అక్కడే పెట్టి ఉండటం. కీర్తనలో ఉన్నది ఈ ఇంటి మాటే.

హీబ్రూలో అక్కడున్న క్రియ ‘కవా’. యెషయా 40:31లో కూడా అదే క్రియ, కానీ మన తెలుగు బైబిల్లో అక్కడ ‘యెహోవాకొరకు ఎదురుచూచువారు’ అని ఉంది. రెండూ సరైనవే. నాకు మాత్రం కీర్తనలోని మాటే దగ్గరగా అనిపిస్తుంది. ఎదురుచూసేవాళ్ల కళ్లు వీధి వైపు ఉంటాయి. కనిపెట్టుకుని ఉన్నవాళ్లకు అప్పగించిన పని కూడా ఒకటి ఉంటుంది. తర్వాతి వచనంలో కావలివారు వచ్చేది అందుకేనేమో: ‘కావలివారు ఉదయముకొరకు కనిపెట్టుటకంటె ఎక్కువగా’. తెల్లవారడం కావలివాడి చేతిలో లేదు. మెలకువగా ఉండటం ఒక్కటే అతని వంతు.

ఈ మాట నాకు పుస్తకంలో అర్థం కాలేదు. మూడేళ్ల కిందట నాన్నకు పక్షవాతం వచ్చి ఆస్పత్రిలో ఉన్నారు. మోకరిస్తే నాకు మాట వచ్చేది కాదు. చూడటానికి వచ్చిన ఒకాయన, “ఇంట్లో విశ్వాసం ఉంటే ఈపాటికి లేచి కూర్చునేవారు” అనేసి వెళ్లారు. ఆ రాత్రంతా ఒకటే టెన్షన్. దేవుడు వింటున్నాడా, అసలు ఉన్నాడా? రెండు దాటాక నర్సమ్మ సెలైన్ బాటిల్ మార్చి, “నిద్రపోకండి, అయిపోయే ముందు నన్ను పిలవాలి, కనిపెట్టుకుని ఉండండి” అంది. చుక్క తర్వాత చుక్క చూస్తూ కూర్చున్నాను. చిన్నప్పుడు కంఠతా పట్టిన కీర్తన అప్పుడు నోటికొచ్చింది. నమ్మకం తిరిగొచ్చిందని చెప్పను. అప్పటికి నేను చేయగలుగుతున్న ఆ ఒక్క పనికీ కీర్తనలో పేరుందని తెలిసి ఏడ్చాను.

ఆ కీర్తన ‘అగాధస్థలములలోనుండి’ అని మొదలవుతుంది. ముగిసేసరికి కూడా ఆ కీర్తన పాడినవాడు ఆ లోతుల్లోంచి బయటపడ్డాడని ఎక్కడా లేదు. సందేహం వచ్చినవాళ్లకు చర్చిలో ‘అల్పవిశ్వాసీ’ అనే మాట వెంటనే వినిపిస్తుంది. ఈ కీర్తన కూడా అంతే తొందరగా వినిపిస్తే ఎంత బాగుండునో.

తర్వాత చేర్చింది: కింద ఒకరు “మరి నిరీక్షణ?” అన్నారు. రోమా 8:25లో రెండు మాటలూ ఒకేచోట ఉన్నాయి: ‘మనము చూడనిదానికొరకు నిరీక్షించినయెడల ఓపికతో దానికొరకు కనిపెట్టుదుము.’ బయటి తెలుగులో నిరీక్షణ అంటే ఎదురుచూపే. చర్చి తెలుగులో అదే మాటకు ఆశ అనే అర్థం స్థిరపడింది. ఉత్త ‘ఆశ’ అంటే పేరాశ, దురాశల వైపు జారిపోతుంది కదా. అయినా 130లో ‘ఆయన మాటమీద నేను ఆశపెట్టుకొనియున్నాను’ అని కూడా ఉంది, అక్కడ ఏమీ జారలేదు. ‘ఆయన మాటమీద’ అన్నది దాన్ని పట్టి ఉంచింది.

ఇక మీ అబ్బాయి సంగతి. వచనం వివరించే ముందు, రేపు పొద్దున పాలగిన్నె దగ్గర ఓ ఐదు నిమిషాలు కాపలా పెట్టి చూడండి.