అభ్రగపతిం ‘బన్నింపఁడా’, ‘మన్నింపఁడా’?

పటమట:
రాత్రి పిల్లలతో కూర్చుని, డ్రాగన్లను ఎక్కి తిరిగే రాజవంశం కథ ‘హౌస్ ఆఫ్ ద డ్రాగన్’ సీరియల్ రెండో సీజన్ 7వ ఎపిసోడ్ మళ్ళీ చూశాను. వంశం పేరు లేని మామూలు జనాన్ని డ్రాగన్ల ముందు నిలబెడతానని రాణి రెనీరా అంటే, డ్రాగన్ల సంరక్షకులైన డ్రాగన్‌కీపర్లు ఒప్పుకోక వెళ్ళిపోతారు కదా, అక్కడ నా నోట పోతన భాగవతంలో గజేంద్రుణ్ణి కాపాడటానికి విష్ణువు ఉన్నపళంగా బయలుదేరే ‘సిరికిం జెప్పఁడు’ పద్యంలోంచి ‘ఏ పరివారంబునుఁ జీరఁడు’ అని వచ్చేసింది. తరవాతి ముక్క దగ్గర చిక్కుపడ్డాను. చిన్నప్పటి నుంచీ నాకు ‘అభ్రగపతిం మన్నింపఁడు’ అనే నోటికుంది. మా అమ్మాయి ఫోన్లో వెతికి ‘బన్నింపఁడు’ అని ఉందంటోంది. పొద్దున్నుంచీ ఇదే తిరుగుతోంది బుర్రలో. ఏది సరైన పాఠం?

బ్రాడీపేట:
బన్నింపఁడు. పతిన్ + పన్నింపఁడు. ద్రుతం మీద పరుషం సరళమైంది. పన్నించడమంటే ప్రయాణానికి సిద్ధం చేయించడం. ఇందులో చర్చకేముంది?

తెనాలి:
ఉంది. మా ఇంట్లో తాతగారి నుంచీ మన్నింపఁడే. గణాలు రెంటికీ ఒకటే, ఎక్కడా తేడా రాదు. అర్థం చూడండి. గరుత్మంతుడు పిలవక ముందే ఎదుట నిలిచే భక్తుడు. అలాంటివాడివైపు కూడా చూడలేదు, పలకరించలేదు అనడంలో ఎంత ఆదుర్దా ఉంది! జీను వేయించలేదు అంటే ఆ బరువు వస్తుందా?

బ్రాడీపేట:
గణాలు సరే, యతి మాటేమిటి? ఇది మత్తేభం, పాదం మొదటి అక్షరంతో యతి కుదరాల్సింది 14వ అక్షరం. ‘పరివారంబునుఁ జీరఁ డభ్రగపతిం’, ఇక్కడికి 13. మీరు మార్చమంటున్నది సరిగ్గా ఆ 14వ అక్షరాన్నే. పాదం మొదట ‘ప’ ఉంది. దానికి ‘బ’ చెల్లుతుంది, ‘మ’ చెల్లదు.

తెనాలి:
ముకారానికి పు, ఫు, బు, భులతో మైత్రి ఉంది కదండీ. బిందుయతి కూడా ఉంది.

బ్రాడీపేట:
ముకారానికి ఉంది, మకారానికి లేదు. ఇక్కడ ‘ము’ ఎక్కడుంది? బిందుయతి అంటారా, సున్న ‘ప’కు ముందుండాలి. ఇక్కడ పాదం ‘ప’తోనే మొదలవుతోంది, దాని ముందు సున్న లేదు. ‘తిం’లోని సున్న ‘మ’కు ముందుంది, అది ఎందుకూ పనికిరాదు. పోతన యతి తప్పాడనడానికి నాకు నోరు రాదు.

సత్యనారాయణపురం:
అక్షరం సంగతి సరే. అభ్రగపతి గరుడుడేనని ఎందుకు అనుకుంటున్నారు? అభ్రమంటే మేఘం. అభ్రమాతంగం ఐరావతం. ఏనుగు కోసం ఏనుగు మీద వెళ్ళలేదన్న చమత్కారం ఉండొచ్చని నాకు ఎప్పటి నుంచో అనిపిస్తోంది.

బ్రాడీపేట:
ఐరావతం ఇంద్రుడిది. వైకుంఠంలో విష్ణువు దాన్ని పన్నించడమేమిటి? అభ్రగం అంటే ఆకాశాన పోయేది, పక్షి. తరవాతి పద్యంలో ‘దాని వెన్కను బక్షీంద్రుఁడు’ అని వస్తోంది కదా. ఇక్కడ వదిలేసి వచ్చినవాడే అక్కడ వెనక పరుగెత్తుతున్నాడు.

అరండల్‌పేట:
మాస్టారూ, సీరియల్ వైపు నుంచి ఒక మాట. మొదటి సీజన్ 7వ ఎపిసోడ్లో ఏమండ్ అనే రాకుమారుడు రాత్రిపూట ఒక్కడే వెళ్ళి వేగార్ అనే డ్రాగన్‌ని ఎక్కుతాడు. కీపర్ లేడు, అనుమతి లేదు. ‘దొహేరస్’ అంటాడు, అంటే సేవించు అని. ‘లికిరి’ అంటే శాంతించు, ‘సోవేస్’ అంటే ఎగురు. సీరియల్ కోసం ఈ హై వలేరియన్ భాషని వ్యాకరణంతో సహా అల్లినవాడు డేవిడ్ పీటర్సన్. 10వ ఎపిసోడ్లో అదే ఏమండ్ వద్దు వద్దు, నా మాట విను అని అరుస్తున్నా వేగార్ వినదు, రెనీరా కొడుకు లూక్‌నీ, అతని డ్రాగన్ అరాక్స్‌నీ చంపేస్తుంది. అంటే అక్కడ మన్నించాల్సింది డ్రాగన్, ఎక్కేవాడు కాదు. గరుడుడి దగ్గర వరస తిరగబడింది. అందుకే నాకు తెనాలి గారి పాఠం మీద మనసు పోతోంది, యతి సంగతి పెద్దలకు వదిలేస్తాను.

మంగళగిరి:
బాగా చెప్పావు బాబూ. కానీ పన్నించడాన్ని ఒట్టి జీనుగా చూడకండి. వల పన్నుతాం, ఉచ్చు పన్నుతాం, వ్యూహం పన్నుతాం. ఏదో ఒకటి కూర్చి, బిగించి, పనికి సిద్ధంగా ఉంచడం అందులో ఉంది. మా ఊళ్ళో గరుడ వాహన సేవకు ముందు గుళ్ళో చూడండి. వాహనానికి మోత కర్రలు తాళ్ళతో బిగిస్తారు, స్వామిని కదలకుండా కట్టి అలంకరిస్తారు. అది అయ్యేదాకా వాహనం కదలదు. ఆ జాప్యమంతా ‘పన్నించు’లో వినిపిస్తుంది నాకు. ప్రేరణార్థకం కాబట్టి చేసేవాళ్ళు వేరే ఉండాలి. పరివారాన్ని పిలవనే లేదు, ఇంక పన్నేదెవరు? రెండు ముక్కలూ అలా కలుస్తాయి. పటమట గారికి డ్రాగన్‌కీపర్ల దగ్గర ఈ పాదం గుర్తుకు రావడం ఊరికే కాదు.

సత్యనారాయణపురం:
మూలం ఎవరూ చూడలేదా? వ్యాసుడు ‘ఛందోమయేన గరుడేన సముహ్యమానః’ అన్నాడు. అక్కడ స్వామి చక్రం పట్టుకుని గరుడుడి మీదే వచ్చాడు, ఏనుగు బాధ చూసి గబుక్కున కిందికి దిగాడు. చక్రాన్ని చేతికి తీసుకోనివ్వకుండా, వాహనం ఎక్కనివ్వకుండా పరుగెత్తించింది పోతన. అంత పెద్ద మార్పు చేసిన కవి ఆ చోట మాటను ఎంతో తూచి వేసి ఉంటాడు.

బ్రాడీపేట:
అదే కదా, కథల్లో పోతనకు బంధువని చెప్పే శ్రీనాథుడు పట్టుకున్నది! ఆయుధం లేకుండా పోయి ఏం చేస్తాడు బావా అని. దానికి జవాబుగా నూతిలో రాయి పడ్డ చప్పుడు, పిల్లవాడు పడ్డాడన్న కేక, తాడు కూడా తీసుకోకుండా శ్రీనాథుడు పరుగెత్తడం... ఆ కథ జరిగిందో లేదో గానీ, ఈ పద్యానికి అంతకన్న మంచి వ్యాఖ్యానం నేను చదవలేదు. శంఖచక్రాలు, పరివారం, వాహనం. యుద్ధానికి వెళ్ళేవాడు చూసుకోవలసినవన్నీ వరసగా చెప్పాడు. అందులో ‘పన్నించు’ ఇమిడిపోతుంది. మన్నించడం ఆ వరసలోది కాదు.

తెనాలి:
సిరికి చెప్పకపోవడం యుద్ధ సన్నాహమా? మొదటి మాటే ఇంటి మాట. తరవాత జుట్టు సర్దుకోలేదు, పమిట కొంగు వదల్లేదు. అన్నీ మనుషుల మధ్య ఉండేవే. వాటి నడుమ గరుడుడు ఒట్టి బండి ఎలా అవుతాడు? యతికి నా దగ్గర జవాబు లేదు, అయినా మా తాతగారి నోట ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో తేలాలి. ఏదో ఒక అచ్చుప్రతిలో ఉండే ఉంటుంది.

పటమట:
ఆదివారం ఏలూరు రోడ్డు వెళ్తున్నాను, పాత పుస్తకాల కొట్లలో వెతుకుతాను. అధోజ్ఞాపికల్లో పాఠాంతరాలు ఇచ్చిన ప్రతి దొరికితే ఆ పేజీ ఫోటో పెడతాను. తెనాలి గారూ, మీ తాతగారి పుస్తకం ఇంట్లో ఉంటే మీరూ చూడండి.

అరండల్‌పేట:
నేను 10వ ఎపిసోడ్ మళ్ళీ పెట్టి చూస్తాను, ఏమండ్ ఆ చివర ఏ మాట వాడాడో వినాలి.

మంగళగిరి:
చూసేటప్పుడు ఆ పక్క మాట కూడా చూడండి. ‘ఆ కర్ణికాంతర ధమ్మిల్లము’ అని విడదీస్తారా, ‘ఆకర్ణిక’ అని కలుపుతారా? మా గురువుగారు ‘ఆ’ని విడిగానే చదివేవారు.

బ్రాడీపేట:
విడిగా ఎలా కుదురుతుందండీ? చెవుల దాకా జారిన జుట్టు అని కదా భావం!