నవల సగంలో ఆగిపోకుండా: రోజు లెక్క, తిరగరాత, గడువు

ఖాళీపేజీ:
నవలా రచననే వృత్తిగా పెట్టుకున్నవాళ్ల పని ఎలా నడుస్తుందో కచ్చితమైన వివరాలు కావాలండీ. రోజుకు ఎన్ని పదాలు? చిత్తుప్రతికి ఎన్నాళ్లు, తిరగరాతకు ఎన్నాళ్లు? ఎనిమిదో తొమ్మిదో ప్రకరణం దగ్గర కథ మొరాయించడానికి కారణం ఏమిటి? ప్రేరణ గురించిన మాటలు ఎక్కడ చూసినా ఉన్నాయి, పని పద్ధతే దొరకడం లేదు.

మూడుపూటలు:
ముందు పదాల లెక్క. గంటలు లెక్కపెడితే కుర్చీలో కూర్చున్నంతసేపూ పని చేసినట్టే అనిపిస్తుంది. పంతొమ్మిదో శతాబ్దపు ఇంగ్లీషు నవలాకారుడు ఆంథొనీ ట్రోలప్ తపాలా శాఖలో ఉద్యోగం చేస్తూనే తెల్లవారుజామున 5:30కి బల్ల దగ్గర కూర్చునేవాడు. గడియారం ఎదురుగా పెట్టుకుని పావుగంటకు 250 పదాల చొప్పున రాసేవాడు. మొదటి అరగంట మాత్రం నిన్న రాసింది చదువుకోవడానికే. ఏ రోజు ఎన్ని పేజీలు అయ్యాయో డైరీలో ఎక్కించేవాడు. ఇంకో ఇంగ్లీషు నవలాకారుడు గ్రాహమ్ గ్రీన్ రోజుకు 500 పదాలతో సరిపెట్టుకునేవాడు.

ఈ అంకెల్ని ఉన్నవున్నట్టు తెలుగులోకి తెచ్చుకోకండి. "వెళ్లిపోవాల్సివచ్చింది" మనకు ఒకే పదం, ఇంగ్లీషులో అదే నాలుగు పదాలు. అక్కడి 500 ఇక్కడ సుమారు 350తో సమానం అనుకోవచ్చు.

మీ అంకె తేల్చుకోవాలంటే రెండు వారాలు ఏ లక్ష్యం లేకుండా రాసి, రోజూ ఎన్ని పదాలు వచ్చాయో రాసిపెట్టుకోండి. బాగా ఎక్కువ వచ్చిన రెండు రోజులు, బాగా తక్కువ వచ్చిన రెండు రోజులు తీసేసి మిగతావాటికి సగటు కట్టండి. అందులో ఎనభై శాతం మీ లక్ష్యం. అది 400 అయితే వారానికి ఐదు రోజులకు 2,000. అరవై వేల పదాల నవలకు 30 వారాలు. జ్వరాలకీ ప్రయాణాలకీ ఇంకో ఆరు వారాలు కలిపి 36 అనుకోండి.

ఒకరోజు తప్పితే ఆ బాకీని మర్నాటికి మోయకండి. మూడోరోజుకల్లా 1,200 పదాలు ఎదురుగా కనబడితే ఫైలు తెరవబుద్ధి కాదు. చాలా చిత్తుప్రతులు అక్కడే ఆగుతాయి.

నాలుగోరాత:
మూడుపూటలు గారి లెక్క చిత్తుప్రతి వరకే పనికొస్తుందండీ. తిరగరాసేటప్పుడు పదాలు తగ్గడమే మంచి రోజు. అప్పుడు పేజీలు లెక్కపెట్టాలి. ఒక పూటకు ఎనిమిది పది పేజీలు, రెండున్నర గంటలు. అది దాటితే చెడ్డ వాక్యం కూడా బాగున్నట్టే కనబడుతుంది.

మొరాయించడం గురించి. ఎనిమిదో ప్రకరణంలో కథ ఆగితే తప్పు ఎనిమిదిలో ఉండదు, ఐదులోనో ఆరులోనో ఉంటుంది. పాత్రకు కావలసింది అక్కడే చేతికి అంది ఉంటుంది, లేదా దాచిపెట్టాల్సిన సంగతి అక్కడే బయటపడి ఉంటుంది. ఇక పాత్రలకు మాట్లాడుకోవడం తప్ప పని ఉండదు. అందుకే ఆగిన చోట కూర్చుని ముందుకు తోయకండి. వెనక్కి మూడు ప్రకరణాలు వెళ్లి, ఒక్కో దృశ్యానికి ఒక్కో కార్డు రాయండి. దృశ్యం మొదట్లో ఎవరికి ఏం కావాలి, చివరికి ఏం మారింది, ఈ రెండే. రెండో గడి ఖాళీగా ఉన్న కార్డులు వరసగా రెండు కనిపిస్తే జబ్బు అక్కడుంది. ఆ రెండు దృశ్యాల్నీ ఒకటి చేయడమో, ఒకదాన్ని ఎత్తేసి అందులోని అవసరమైన సమాచారాన్ని వేరే గొడవ మధ్యలో పెట్టడమో చేయాలి.

ఇంకొకటి. ఊట పూర్తిగా ఇంకిపోయేదాకా రాయకూడదు. తర్వాత ఏం జరగాలో తెలిసి ఉండగానే ఆపాలని అమెరికన్ రచయిత హెమింగ్వే చెప్పింది అక్షరాలా పనిచేసే సూత్రం. ఆపేటప్పుడు రేపటి దృశ్యం గురించి రెండు పంక్తులు ఫైలు అడుగున రాసిపెట్టండి. మర్నాడు తెల్లకాగితం ఎదురుపడదు.

పట్టికరాయుడు:
కార్డులతో పాటు ఒక పట్టిక కూడా మొదటిరోజు నుంచే ఉండాలి. గడులు: ప్రకరణం, తేదీ, వారం, వేళ, చోటు, ఎవరెవరు ఉన్నారు, ఈ దృశ్యం అయ్యేసరికి ఎవరికి ఏం తెలుసు. ఈ చివరి గడినే అందరూ వదిలేస్తారు. నా దృష్టిలో అన్నిటికన్నా విలువైనది అదే. పన్నెండో ప్రకరణంలో తెలుసుకోవాల్సిన రహస్యాన్ని పాత్ర తొమ్మిదిలోనే మాటల్లో వాడేస్తుంది. రచయితకు తెలుసు కాబట్టి కంటికి ఆనదు.

మామూలుగా దొర్లే పొరపాట్లు: గర్భం పదకొండు నెలలు సాగడం, ఆదివారం నాడు బ్యాంకులో పని జరగడం, పది రోజుల తేడాలో రెండు పున్నములు రావడం (పున్నమికీ పున్నమికీ మధ్య ఇరవై తొమ్మిదిన్నర రోజులు ఉండాలి), ఎడమచేతి మచ్చ కుడిచేతికి మారడం. కథ జరిగే సంవత్సరపు క్యాలెండరు పక్కన పెట్టుకుంటే సగం పోతాయి. పాత్రల వయసు రాయకండి, పుట్టిన సంవత్సరం రాయండి. కథలో ఏళ్లు గడిచినా లెక్క తప్పదు.

రాస్తూ రాస్తూ ఏదైనా వివరం వెతకాల్సివస్తే ఆగకుండా అక్కడ @@ అని పెట్టి ముందుకు వెళ్లండి. ఆ గుర్తు నవలలో ఇంకెక్కడా రాదు కాబట్టి సాయంత్రం వెతికితే అన్నీ వరసగా దొరుకుతాయి. పొద్దున్న ఇంటర్నెట్ తెరిస్తే ఆ పూట రాత పోయినట్టే.

ప్రూఫుబల్ల:
ఫైళ్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. పేరులో "ఫైనల్" అని పెట్టకండి, తేదీ పెట్టండి. మూడు ప్రతులు ఉండాలి, అవి రెండు రకాల సాధనాల మీద ఉండాలి, వాటిలో ఒకటి ఇంట్లో ఉండకూడదు. క్లౌడ్‌లో తనంతట తాను సరిచూసుకునే ఫోల్డరును భద్రపరిచిన ప్రతిగా లెక్కపెట్టకండి. ఇక్కడ పొరపాటున చెరిపేస్తే అక్కడా చెరిగిపోతుంది.

మొదటి అక్షరం నుంచీ, తెలుగు ఏ కంప్యూటర్లోనైనా ఒకేలా కనబడేలా చేసే అక్షర పద్ధతి అయిన యూనికోడ్‌లోనే రాయండి. పాత ఫాంట్లలో రాస్తే ఒక పేరు ఎన్నిచోట్ల వచ్చిందో వెతకడం కూడా కష్టమే. అచ్చు కోసం పేజీలు పెట్టేటప్పుడు కొన్నిచోట్ల మళ్లీ పాత ఫాంటులోకి మారుస్తారు. ఆ మార్పిడిలో వత్తులు చెదురుతాయి. "సాఫ్ట్‌వేర్" లాంటి మాటల్లో పొల్లు పోయి తర్వాతి అక్షరం వత్తుగా కిందికి దిగిపోతుంది. కాబట్టి మార్చాక మొత్తం ఇంకోసారి చదవాల్సిందే. మార్చకముందు చదివింది లెక్కలోకి రాదు.

ప్రూఫులో, అంటే అచ్చుకు ముందు సరిచూసే ప్రతిలో, పంక్తి కింద స్కేలు పెట్టి చదవండి. పెద్ద అక్షరాల్లో ఉన్న ప్రకరణాల పేర్లలో తప్పులు ఎక్కువగా మిగులుతాయి, వాటిని ఎవరూ చదవరు కనక. ఆ దశలో వాక్యం మార్చాల్సివస్తే అంతే పొడవున్న వాక్యం పెట్టాలి. ఒక పంక్తి పెరిగితే ఆ ప్రకరణం చివరిదాకా పేజీలు జరుగుతాయి.

ఖాళీపేజీ:
అందరికీ ధన్యవాదాలండీ. నాలుగోరాత గారూ, తిరగరాత ఏ వరసలో చేయాలి? ప్రచురణకర్తతో ఒప్పందంలో గడువు ఎంత రాయించుకోవాలి?

నాలుగోరాత:
చిత్తుప్రతి అయ్యాక ఆరు వారాలు ముట్టుకోవద్దు. తర్వాత అచ్చు తీసి, చేతిలో కలం లేకుండా ఒకసారి చదవండి. కలం ఉంటే కామాల మీదికి పోతారు. రెండోసారి కథ నిర్మాణం, దానికి నాలుగు వారాలు. మూడోసారి ఒక్కో దృశ్యం, ఆరు వారాలు. చివర్న వాక్యాలు, నాలుగు వారాలు. ఈ వరస తప్పించకండి. ముందే చెక్కి నునుపుచేసిన వాక్యాన్ని కొట్టేయడానికి చెయ్యి రాదు, దానికోసం పనికిరాని ప్రకరణం కూడా మిగిలిపోతుంది. వాక్యాల దశలో బయటికి చదవండి. గంటకు పదిహేను ఇరవై పేజీలు మించి సాగదు. సంభాషణలో ఊపిరి అందకపోతే ఆ మాట పాత్రది కాదు, మీది.

దృశ్యాలు అయ్యాక, వాక్యాలు మొదలుపెట్టేముందు ముగ్గురు నలుగురికి చదవడానికి ఇవ్వండి. "ఎలా ఉంది?" అని అడగకండి. ఎక్కడ పుస్తకం కింద పెట్టారు, ఎక్కడ పేజీలు దాటేశారు, ఎవరు ఎవరో ఎక్కడ తికమకపడ్డారు అని అడగండి. ఇద్దరు ఒకేచోట వేలు పెడితే అక్కడ లోపం ఉన్నట్టే. వాళ్లు చెప్పే మందు మాత్రం చాలాసార్లు కుదరదు.

మూడుపూటలు:
గడువు లెక్క ఇప్పుడు సులువే. చిత్తుప్రతికి 36 వారాలు, విశ్రాంతికి 6, తిరగరాతకు 14, పాఠకులకు 4. మొత్తం 60, అంటే దాదాపు పద్నాలుగు నెలలు. పదిహేను నెలలకు తక్కువ ఒప్పుకోకండి.

అడ్వాన్సు జీతం కాదు, రాబోయే రాయల్టీలోంచి (అమ్ముడైన పుస్తకాల మీద రచయితకు వచ్చే వాటాలోంచి) ముందుగా తీసుకున్న సొమ్ము. అది తీరేదాకా రాయల్టీ రాదు. సాధారణంగా సంతకానికి కొంత, రాతప్రతి ఇచ్చాక కొంత, పుస్తకం వచ్చాక కొంత ఇస్తారు. చివరి భాగం చేతికి రావడానికి ప్రతి ఇచ్చాక కూడా నెలలు పడుతుంది కనక పదిహేను నెలలతో కాదు, కనీసం ఇరవై నాలుగు నెలలతో భాగించి ఖర్చు వేసుకోండి. రాయల్టీ శాతం ముద్రిత ధర మీదా, లేక ప్రచురణకర్తకు చేతికందిన మొత్తం మీదా అన్నది కాగితం మీద స్పష్టంగా ఉండాలి. పది శాతం అన్న అంకె ఒకటే అయినా ఈ రెండింటికీ వచ్చే సొమ్ములో సగానికి సగం తేడా రావచ్చు. ఈబుక్, ఆడియో, అనువాదం, సినిమా హక్కులు ఒక్కోటి విడివిడిగా రాయించుకోండి. ప్రతులు అయిపోయి, ఇన్ని నెలల్లోగా మళ్లీ వేయకపోతే హక్కులు మీకు తిరిగి వచ్చేలా ఒక వాక్యం ఉందో లేదో సంతకానికి ముందే చూసుకోండి.