బట్ట నాపీలు: ఉచ్చ పీలుస్తలేవు, ఉతికినా వాసన

ప్రశ్న (హన్మకొండ): బాబుకు 4 నెలలు. 12 పాకెట్ నాపీలు (సంచి లెక్క ఉండే కవర్లు), లోపల దూర్చే మైక్రోఫైబర్ (సన్న సింథటిక్ పీచు) ప్యాడ్లు. మొదట్ల మంచిగనే ఉండె. ఇప్పుడు గంటకే తొడల కాడ కారుతున్నది, తడవంగనే ఘాటు వాసన. బోరు నీళ్లే. ఏం చేయాలె?

జవాబు 1: ఆరిన ప్యాడ్ మీద చెంచాడు నీళ్లు పోసి చూడండి. బొట్లు పూసల లెక్క నిలబడితే పీచుకు పొర కట్టినట్టే. బట్టలు మెత్తబడేందుకు పోసే లిక్విడ్‌తోని, పిర్రలకు రాసే జింక్ క్రీముతోని అట్ల అయితది. లిక్విడ్ బంద్ పెట్టండి. క్రీము తప్పదంటే నాపీ మీద పల్చటి నూలు గుడ్డ పరవండి.

నీళ్లు ఇంకితే తప్పు బోరుది కావచ్చు. ఉప్పు నీళ్లల్ల సర్ఫు సరిగ పనిచేయదు, ఉచ్చ లోపలే మిగులుతది. బకెట్ వేడి నీళ్లకు పెద్ద చెంచా వాషింగ్ సోడా (వంట సోడా కాదు) కలిపి, ప్యాడ్లు మాత్రమే అరగంట నానబెట్టండి. తర్వాత సర్ఫుతో ఉతికి, నురగ పోయేదాకా జాడించాలె.

జవాబు 2: పై కవర్లను మాత్రం వేడి నీళ్లల్ల, ఎర్రటెండల వేయొద్దు, లోపలి ప్లాస్టిక్ పొర ఊడొస్తది. నీడకు ఆరేయండి. తొడల కాడ కారుతున్నదంటే ప్యాడ్ కొస ఎలాస్టిక్ దాటి బయటికొచ్చిందేమో కూడా చూడండి.

జవాబు 3: మైక్రోఫైబర్ స్పాంజి లెక్క, పిల్లను ఎత్తుకుని ఒత్తితే కక్కుతది. దాని కింద ఒక నూలు ప్యాడ్ పెట్టండి. కొత్త నూలుది 4–5 ఉతుకులైనంకనే బాగా పీలుస్తది. ఏదైనా 2–3 గంటలకు మార్చుడే.