శ్రమల్లో సంతోషం ఎలా? మోకరిస్తే మాటే రావట్లేదు

అడిగినవారు: అందరికీ వందనాలు. ఉద్యోగం పోయింది, ఇంట్లో జబ్బు, పైన అప్పు. సంఘంలో ఎవరిని అడిగినా 1 థెస్సలొనీక 5:16 చూపించి, ఎల్లప్పుడూ సంతోషంగా ఉండమంటున్నారు. స్తుతి పాట పాడితే నటిస్తున్నట్టుంది. ఇది అవిశ్వాసమా? రోజూ చేయగలిగేది ఏదైనా చెప్పండి.

సండేస్కూల్ టీచర్: అవిశ్వాసం కాదు సిస్టర్. 150 కీర్తనల్లో దాదాపు మూడో వంతు మొరలే. 13వ కీర్తనతో మొదలుపెట్టండి, ఆరే వచనాలు. 1-2 ఫిర్యాదు, 3-4 మనవి, 5-6 నమ్మిక. పైకి చదవండి. రెండో వచనం దగ్గర ఆగి "ఈ నెల కిస్తీకి డబ్బు లేదు ప్రభువా" అని ఉన్నదున్నట్టు చెప్పండి. నాలుగో వచనం అయ్యాక ఈ వారానికి కావలసింది ఒక్కటే అడగండి. చాలామంది మొదటి నాలుగూ వదిలేసి ఐదో వచనానికి దూకుతారు, నటనలా అనిపించేది అందుకే. ఐదోది నోటికి రాని రోజు 88వ కీర్తన చదివి ఆపేయండి. అది చీకట్లోనే ముగుస్తుంది, అదీ వాక్యమే.

క్వయర్ గిటార్: బాగా చెప్పారు గానీ, స్తుతిని పక్కన పెట్టించొద్దు. పౌలు, సీల ఫిలిప్పీ చెరసాలలో కాళ్లకు బొండ వేసి ఉండగానే అర్ధరాత్రి పాడారు కదా (అపొ. కార్య. 16:25)!

సండేస్కూల్ టీచర్: నిజమే, కానీ అక్కడ ఇద్దరున్నారు. పాడాలంటే పక్కన ఒకరిని కూర్చోబెట్టుకుని ఒక్క పాట చాలు. ఆ ఫిలిప్పీ సంఘానికే రాస్తూ 4:4లో ఆనందించమన్న పౌలు, 2:27లో తన తోటి పనివాడు ఎపఫ్రొదితు చావు దాకా వెళ్లి బతికిన సంగతి చెప్పి, తనకు దుఃఖం మీద దుఃఖం తప్పిందన్నాడు. ఏడుపు ఆపుకుంటేనే ఆనందం అని ఆయన ఎక్కడా అనలేదు.

నర్సమ్మ: ఒంటి సంగతి కూడా చూసుకోండమ్మా. 1 రాజులు 19లో ఏలీయా ప్రవక్త చావు కోరుకుంటే దూత ప్రసంగం చేయలేదు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లు ఇచ్చాడు, పడుకోనిచ్చాడు, మళ్లీ లేపి తినమన్నాడు. షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు డాక్టర్ని అడక్కుండా ఉపవాస ప్రార్థన పెట్టుకోవద్దు, షుగర్ పడిపోతుంది. రెండు వారాలు దాటినా నిద్ర, ఆకలి లేకపోతే డాక్టర్‌కి చూపించుకోండి. చనిపోవాలన్న ఆలోచన వస్తే ఆ క్షణమే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు. మందులు వేసుకుంటే విశ్వాసం తక్కువని ఎవరైనా అంటే కొలొస్సయులకు 4:14 చూపించండి, లూకా వైద్యుడే. ఇంకోటి, అప్పు తీరాలని మళ్లీ అప్పు చేసి కానుక వేయకండి. 2 కొరింథీ 8:12 ప్రకారం ఉన్నదాంట్లోంచి ఇస్తే చాలు.

అడిగినవారు: చాలా థాంక్సండి. మరి ప్రార్థన మనవి సంఘమంతటి ముందూ చెప్పాలా?

సండేస్కూల్ టీచర్: అక్కర్లేదు. గెత్సేమనేలో యేసు కూడా ముగ్గురినే దగ్గరికి తీసుకెళ్లాడు. మాట దాచగలిగే ఇద్దరు ముగ్గురికి చెప్పండి. ఉత్తినే "ప్రార్థించండి" అని వదిలేయకుండా "మంగళవారం ఆస్పత్రికి తోడొస్తారా?" అని అడగండి.