అనుకోని అతిథుల కోసం ఫ్రీజరులో కట్లెట్లు

మాది విజయనగరం. పైడితల్లి సిరిమానోత్సవం నాడు చెప్పకుండానే పదిమంది చుట్టాలు వస్తారు. రావాలనే నా కోరిక కూడా. కిందటిసారి ఫ్రీజరులో దాచిన బంగాళాదుంప కట్లెట్లు నూనెలో వేయగానే విడిపోయాయి. చాలా బాధేసింది. ఎక్కడ తప్పు జరిగింది?

జవాబు: దుంపల్లో తడి ఉండిపోయిందండీ. వేడి మీదే ముద్ద చేస్తే ఆవిరి లోపలే నీరవుతుంది. ఆరాక చిదమండి. బ్రెడ్ పొడి అద్ది, పళ్లెంలో విడివిడిగా పేర్చి, రాయిలా గట్టిపడ్డాకే సంచిలో వేయండి. కరగనివ్వకుండా నేరుగా వేయించండి. వాయికి నాలుగు చాలు, లేకుంటే నూనె చల్లబడుతుంది.

జవాబు: మాది పలాస. జీడిపప్పు పలుకులు కలపండి, రుచి మారిపోతుంది!

అవునండీ, వేడి మీదే కలిపాను. రేపే మళ్లీ చేస్తాను, జీడిపప్పుతోనే.