డోర్కింగ్‌లో కాటన్ దొర జీవితం ఆనవాళ్లు ఎక్కడ వెదకాలి?

ప్రశ్న – డెల్టావాసి

లండన్‌కు దక్షిణాన, సర్రే కౌంటీలో డోర్కింగ్ అనే పాత పట్టణం ఉంది. ధవళేశ్వరం ఆనకట్టను 1847లో మొదలుపెట్టి 1852 నాటికి నిలబెట్టిన సర్ ఆర్థర్ కాటన్ తన చివరి సంవత్సరాలు అక్కడే గడిపి, 1899 జులైలో 96 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఆయన సమాధి కూడా ఆ ఊరి శ్మశానవాటికలోనే ఉంది. మా తాతగారు గోదావరి స్నానానికి వెళ్లినప్పుడు సంకల్పంలో ఆయన పేరు కూడా తలచుకొనేవారు కనుక, మొన్న ఆ రాతి ముందు నిలబడినప్పుడు నాకు మాట రాలేదు. కానీ ఊళ్లో నేను పలకరించిన వారిలో ఒక్కరికీ ఆ పేరు తెలియదు. 1620లో మేఫ్లవర్ ఓడలో అమెరికాకు వలస వెళ్లిన విలియం మలిన్స్ ఇంటికి మాత్రం వెంటనే దారి చూపించారు. కాటన్ దొర ఏ ఇంట్లో ఉన్నారు, ఇరుగుపొరుగు ఎవరు, ఆ ఊరికి ఆ కుటుంబం వల్ల ఏం జరిగింది అన్నవి తెలుసుకోవాలని ఉంది. చరిత్ర చదివినవాణ్ని కాను; ఎక్కడ మొదలుపెట్టాలి?

సమాధానం – పాతపటాలు

డెల్టావాసి గారూ, జనాభా లెక్కలతో మొదలుపెట్టండి. ఇంగ్లండులో 1841 నుంచి పదేళ్లకొకసారి ప్రతి ఇంట్లోని మనుషుల పేర్లు రాసుకున్నారు. నూరేళ్లు నిండిన తరువాత వాటిని అందరికీ చూపిస్తారు. మీరు 1871, 1881, 1891 పుస్తకాలు చూడాలి. 1851 నుంచి వీటిలో ఇంటి యజమానితో బంధుత్వం, వృత్తి, పుట్టిన ఊరు కూడా ఉంటాయి కనుక వంటమనిషి, తోటమాలి సైతం పేర్లతో కనిపిస్తారు. ఒక చిక్కు ఉంది: పెద్ద ఇళ్లకు చాలాచోట్ల నంబరు ఉండదు, ఇంటి పేరు మాత్రమే ఉంటుంది, ఆ పేరు తరువాత మారిపోయి ఉండవచ్చు. అయితే లెక్కలు రాసే ఉద్యోగి సాధారణంగా వీధి వెంట నడుస్తూ వరుసగా రాసుకొనేవాడు. కాబట్టి ముందూ వెనకా ఉన్న, నేటికీ గుర్తుపట్టగల సత్రమో చర్చో పట్టుకొని, మైలుకు ఇరవైఐదు అంగుళాల కొలతతో గీసిన ఆర్డ్‌నెన్స్ సర్వే (బ్రిటన్ ప్రభుత్వ పటాల సంస్థ) పటం మీద అదే దారిలో నడవాలి. ఆ పటాల్లో ఒక్కొక్క ఇల్లూ విడిగా కనిపిస్తుంది. స్కాట్లండ్ జాతీయ గ్రంథాలయం వాటిని ఆన్‌లైన్‌లో ఉచితంగా చూపిస్తోంది.

సమాధానం – తీరిక పాఠకురాలు

పై సలహా సరైనదే, కానీ దొరగారి ఒక్కరి పేరే వెదికితే ఊరి చరిత్ర దొరకదని నా అభిప్రాయం. ఆయన కుమార్తె ఎలిజబెత్, తరువాతి కాలంలో లేడీ హోప్‌గా పేరు పొందిన ఆమె, డోర్కింగ్‌లో కూలీనాలీ జనం సారాయి దుకాణాలకు బదులు సాయంత్రాలు వచ్చి కూర్చోవడానికి ఒక కాఫీ గది నడిపారు. 1876లో దాని గురించి పుస్తకమూ అచ్చువేశారు. ఆనకట్ట కట్టింది ఎక్కడో దూరదేశంలో, కాఫీ గది తెరిచింది వాళ్ల వీధిలోనే కనుక ఆ ఊరి కాగితాల్లో తండ్రి కంటే కూతురి జాడే ఎక్కువగా ఉండవచ్చు. ఆనాటి స్థానిక వార్తాపత్రికల్లో మద్యనిషేధ సభల వార్తలు చూడండి. తండ్రి మరణానంతరం 1900లో వచ్చిన జీవితచరిత్ర కూడా ప్రధానంగా ఆమె రాసినదే. విశ్రాంత జీవితంలో ఆయన లోతుగా దున్ని పంట పండించే పద్ధతి మీద మనసు పెట్టారు. నీళ్ల తరువాత నేల మీదికి పోయిన ఆ ఆసక్తి మన రైతుబిడ్డలకు తప్పకుండా నచ్చుతుంది. వెస్ట్ స్ట్రీట్‌లోని డోర్కింగ్ మ్యూజియంను, వోకింగ్‌లోని సర్రే హిస్టరీ సెంటర్‌ను ముందుగా ఉత్తరం రాసి సంప్రదించండి. "కాటన్" అని మాత్రమే కాక "కాఫీ గది" అని కూడా అడగండి.

డెల్టావాసి

ఇద్దరికీ కృతజ్ఞతలు. కాఫీ గది సంగతి నాకు బొత్తిగా తెలియదు. ముందు 1881 లెక్కల పుస్తకం తెరిచి, అక్కడి నుంచి పటం మీదికి వెళతాను. ఇల్లు దొరికినా దొరకకపోయినా ఇక్కడ రాస్తాను.