"ముందు ఎవరిని చూడాలి?" చివరి రెండు ఆప్షన్ల దగ్గరే చిక్కు

తెల్లకోటు_చెల్లి:
ఎన్‌క్లెక్స్ (అమెరికాలో నర్సు లైసెన్సు పరీక్ష) ప్రాక్టీస్‌లో ఒక ప్రశ్న అస్సలు మింగుడు పడటం లేదు. నలుగురు పేషెంట్లలో నర్సు ముందు ఎవరి దగ్గరకు వెళ్లాలి? ఇద్దరిని తీసేశాక మిగిలింది వీళ్లు: సీఓపీడీ (ఏళ్ల తరబడి ఉండే ఊపిరితిత్తుల జబ్బు) ఉన్న పెద్దాయన, రక్తంలో ఆక్సిజన్ శాచురేషన్ 90%, నడిస్తే ఆయాసం. నిన్న థైరాయిడ్ మొత్తం తీసేసిన ఆవిడ, "పెదాల చుట్టూ తిమ్మిరిగా ఉంది" అంటోంది. శ్వాసే ముందని కదా మనకు నూరిపోశారు! జవాబేమో థైరాయిడ్ ఆవిడట. ఎలా?

ఐసీయూ_అక్క:
శ్వాసే ముందు చెల్లీ, అందుకే ఆవిడ ముందు. థైరాయిడ్‌ను అంటుకునే పారాథైరాయిడ్ గ్రంథులుంటాయి. ఆపరేషన్‌లో వాటికి దెబ్బ తగిలితే రక్తంలో కాల్షియం పడిపోతుంది. మొదట పెదాలు, వేళ్ల కొసలు తిమ్మిరెక్కుతాయి. బీపీ కఫ్ బిగించి మూడు నిమిషాలు ఉంచితే మణికట్టు లోపలికి వంగి, వేళ్లు కొంకర్లు పోతాయి. అదే బిగుతు స్వరపేటికకు వస్తే గాలి ఆడదు. ఆవిడ మంచం పక్కన ట్రాకియాస్టమీ సెట్ (గొంతుకు రంధ్రం చేసి గాలి అందించే సామాను) పెట్టేది ఊరికే కాదు.

పెద్దాయన సంగతి వేరు. సీఓపీడీలో 88 నుంచి 92 మధ్య ఉండేలా చూస్తాం. 90 ఆయనకు మామూలే, నడిస్తే ఆయాసమూ పాతదే. అదే ప్రశ్నలో "ఇవాళ పొద్దుట్నుంచి మత్తుగా, తికమకగా ఉన్నారు" అని ఉంటే నేను ఆయన దగ్గరకే పరిగెడతాను. కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటోందేమో అని. అంకె చూసి కంగారు పడకు. ఆ జబ్బులో అది ఉండేదేనా, కొత్తగా వచ్చిందా అన్నది చూడు.

పరీక్ష_టెన్షన్:
మధ్యలో నాదో డౌటు. మా కోచింగ్‌లో "అసెస్" (ముందు పేషెంట్‌ని పరీక్షించి చూడు) అన్న ఆప్షన్ కనిపిస్తే కళ్లు మూసుకుని పెట్టేయమంటారు. నిజమేనా?

ఐసీయూ_అక్క:
కళ్లు మూసుకుని ఏదీ పెట్టకండి బాబూ! రక్తం ఎక్కిస్తుంటే చలి, నడుం నొప్పి అన్నారనుకోండి. ఆ రక్తం పడటం లేదని ప్రశ్నే అసెస్ చేసి చూపించింది, ఇంకేం చూస్తారు? ముందు రక్తం ఆపాలి. తర్వాత కొత్త ట్యూబింగ్‌తో నార్మల్ సెలైన్. పాత ట్యూబులోంచి సెలైన్ వదిలితే అందులో మిగిలిన రక్తం కూడా లోపలికే పోతుంది. ఈ పాత ట్యూబు ఆప్షన్‌ని తప్పుదారి పట్టించడానికి కావాలనే పెడతారు.

డిగాక్సిన్ (గుండె మందు) వాడే పేషెంట్‌కి వికారం అన్నారనుకోండి, అక్కడ మాత్రం ముందు చూడాల్సిందే. గుండె మీద స్టెతస్కోప్ పెట్టి నిండు నిమిషం లెక్కపెట్టండి. పెద్దవాళ్లలో 60 కంటే తక్కువుంటే డోసు ఆపి డాక్టర్‌కు చెప్పాలి. ఫ్యూరోసెమైడ్ (మూత్రంతో నీరు, పొటాషియం బయటికి పంపే మందు) కూడా వాడుతుంటే పొటాషియం ఎంతుందో చూడండి. అది తగ్గితే డిగాక్సిన్ విషమవుతుంది.

రెండోసారి_రాస్తున్నా:
2023 ఏప్రిల్ నుంచి వచ్చిన కేస్ స్టడీల్లోనూ ఇదే లెక్క. ఒకే పేషెంట్ మీద ఆరు ప్రశ్నలు. నర్స్ నోట్స్‌లో టైమ్ చూడండి, ఎనిమిదింటికి లేనిది పదింటికి వచ్చిందా అని.

తెల్లకోటు_చెల్లి:
థాంక్స్ అక్కా. అయితే ఫిట్స్ రాకుండా ఇచ్చే మెగ్నీషియం సల్ఫేట్ డ్రిప్ మీదున్న గర్భిణికి మోకాలి రిఫ్లెక్స్ పోయి, శ్వాస నిమిషానికి 10 ఉంటే డ్రిప్ ఆపడమే ముందు కదా?

ఐసీయూ_అక్క:
ఆపడమే, మెగ్నీషియం ఎక్కువైన గుర్తులవి. తర్వాత డాక్టర్‌కు కబురు, విరుగుడుగా కాల్షియం గ్లూకోనేట్ సిద్ధం. యూరిన్ గంటకు 30 మి.లీ. కంటే తగ్గిందేమో కూడా చూడు, మెగ్నీషియం బయటికి పోయేది కిడ్నీల గుండానే.